బాపు బైపాస్‌కు ముందు రక్తం సంగతి ఎవరిని అడగాలి?

మాది నర్సంపేట దగ్గర పల్లె. మా బాపుకు 61 ఏళ్లు. హన్మకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మూడు వారాల్లో బైపాస్ అన్నారు. చేతిలో చీటీ పెట్టి 'ఐదుగురు డోనర్లను తెచ్చుకోండి' అన్నారు, అంతే. పత్తి ఏరే రోజులు, ఊళ్లో మనుషులు దొరకడమే కష్టం.

రిపోర్టులో హిమోగ్లోబిన్ 9.6 ఉంది. మగవాళ్లకు 13 కంటే తగ్గితే రక్తహీనత అంటారు. ఐరన్ తక్కువుంటే ఇంజెక్షన్‌తో ముందే పెంచుకోవచ్చు కదా అని సర్జన్‌ను అడిగితే మత్తు డాక్టరు చూస్తారన్నారు. ఆయనేమో సర్జన్‌నే అడగమన్నారు. రక్తం గడ్డకట్టకుండా బాపు వేసుకునే క్లోపిడోగ్రెల్ మాత్ర మామూలుగా ఆపరేషన్‌కు 5 రోజుల ముందు ఆపుతారట. ఒక డాక్టరు అలాగే చెప్పారు, డిశ్చార్జి కాగితంలో మాత్రం 'ఆపవద్దు' అని రాసుంది. బాపు రోజూ ఆ మాత్ర అరచేతిలో పెట్టుకుని 'ఇది ఎన్నడు బంద్ చేయాలె బిడ్డా' అంటాడు.

ఇంట్లో ఎవరికైనా బైపాస్ అయినవాళ్లు చెప్పండి. కారిన రక్తాన్ని కడిగి తిరిగి ఎక్కించే సెల్ సేవర్ మిషన్ వరంగల్‌లో ఎక్కడైనా వాడుతున్నారా, హైదరాబాద్ పోవాల్సిందేనా? సర్జన్, మత్తు డాక్టరు, బ్లడ్ బ్యాంకు వాళ్లు ఒక్కసారి కలిసి మాట్లాడుకోమని అడిగితే తప్పుగా అనుకుంటారా? బాపుది బి నెగెటివ్, తొందరగా దొరకని గ్రూపు, అసలు టెన్షన్ అదే.