అప్‌డేట్: 5,540 కిలోమీటర్లకి ఎనిమిది గంటలెందుకో తెలిసింది

లండన్ హీత్రో నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకి సుమారు 5,540 కిలోమీటర్లే కదా, గంటకు 900 చొప్పున వేసుకుంటే ఆరు గంటల పైచిలుకే, మరి టికెట్‌లో ఎనిమిదెందుకని మొన్న అడిగాను. వెళ్లొచ్చేశాను. టికెట్‌లో వేసేది గేటు నుంచి గేటుకి పట్టే టైమట, మా విమానం రన్‌వే దాకా పాక్కుంటూ పోవడానికే ఇరవై నిమిషాలు తినేసింది.

అసలు సంగతి గాలి. వెళ్లేటప్పుడు సీటు ముందు స్క్రీన్‌లో వేగం 790 దాటితే ఒట్టు, తిరుగు ప్రయాణంలో అదే స్క్రీన్ 1,060 చూపించింది, ఎందుకంటే బాగా ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జోరుగా వీచే జెట్ స్ట్రీమ్ అనే గాలి వెళ్లేటప్పుడు ఎదురొస్తుంది, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. 2020 ఫిబ్రవరిలో ఓ విమానం ఇలాగే న్యూయార్క్ నుంచి లండన్‌కి ఐదు గంటల్లోపే వచ్చేసిందట! గాలి గురించి ముందే చెప్పినవాళ్లకి థ్యాంక్స్, అప్పుడు నేనే నమ్మలేదు.