బోర్డు లేని చోట పార్కింగ్ చలానా: కట్టాలా, ప్రశ్నించాలా?

బజారువీధి వాసి:

మాది రెండు మూడు ప్రధాన రోడ్లు, ఒక కూరగాయల మార్కెట్టు, ఒక బస్టాండు ఉన్న చిన్న నగరం. ఈమధ్య ఇక్కడ ట్రాఫిక్ పోలీసులు ఆగి ఉన్న వాహనాలను ఫోనుతో ఫోటో తీసుకుని వెళ్ళిపోవడం, ఆ తరువాత యజమానికి ఈ-చలానా సందేశం రావడం మామూలైపోయింది. నాకు వచ్చిన చలానాలో మోటారు వాహనాల చట్టం 122, 177 సెక్షన్లు అని ఉంది. జత చేసిన ఫోటోలో నా స్కూటరు నంబరు ప్లేటు, వెనుక చక్రం, పక్కన మురుగు కాలువ మీద కప్పిన సిమెంటు పలక అంచు తప్ప మరేమీ కనబడదు. ఆ వీధి ఈ చివర నుంచి ఆ చివర వరకు నో పార్కింగ్ బోర్డు లేదు, పార్కింగ్ బోర్డూ లేదు, రోడ్డు మీద గీతలూ లేవు.

ఎక్కడ నిలపకూడదో ముందుగా చెప్పనివారికి, నిలిపిన తరువాత జరిమానా అడిగే హక్కు లేదన్నది నా వాదన. మొత్తం చిన్నదే కదా, కట్టేసి ఊరుకోమని ఇంట్లో అంటున్నారు. ఇక్కడి సభ్యులు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

జిల్లా కోర్టు న్యాయవాది:

మీ వాదనలో సగమే నిలుస్తుంది. పార్కింగ్ నిషేధాలన్నీ బోర్డు మీద ఆధారపడి ఉంటాయని చాలామంది అనుకుంటారు గానీ, చట్టంలో అవి రెండు రకాలుగా ఉన్నాయి.

మొదటి రకానికి బోర్డుతో పని లేదు. 122వ సెక్షన్ చెప్పేదల్లా, బహిరంగ స్థలంలో ఇతరులకు ప్రమాదం గానీ, ఆటంకం గానీ, మితిమీరిన అసౌకర్యం గానీ కలిగే విధంగా, లేదా కలిగే అవకాశం ఉన్న విధంగా వాహనాన్ని నిలిపి ఉంచకూడదని. దీనికి తోడు 1989 నాటి రహదారి నియమాలు కూడలి దగ్గర, మలుపులో, ఫుట్‌పాత్ మీద, పాదచారులు రోడ్డు దాటే చోట, బస్టాపు దగ్గర, బడి లేదా ఆసుపత్రి ప్రవేశద్వారం ముందు, మరొకరి గేటుకు అడ్డంగా, ఇప్పటికే నిలిపి ఉన్న వాహనానికి సమాంతరంగా రెండో వరుసలో బండి పెట్టకూడదని విడివిడిగా పేర్కొన్నాయి. వాటి స్థానంలో 2017లో వచ్చిన డ్రైవింగ్ నిబంధనలూ అదే దారిలో నడిచాయి. లైసెన్సు ఉన్న ప్రతి వ్యక్తికీ ఇవి తెలిసే ఉంటాయని చట్టం భావిస్తుంది కనుక, ఈ చోట్ల బోర్డు లేదన్న సమాధానం చెల్లదు.

రెండో రకం, అధికారులు నిర్ణయిస్తే తప్ప పుట్టని నిషేధం. ఆటంకం ఏమీ లేని వెడల్పాటి వీధిలో ఉదయం ఒక వైపు, సాయంత్రం మరో వైపు మాత్రమే నిలపాలనో, అరగంట మించి ఉంచకూడదనో అనాలంటే ఎవరో ఒకరు ఆ నిర్ణయం తీసుకోవాలి. వాహనాలు ఎక్కడ, ఎంతసేపు నిలిచి ఉండవచ్చో స్థానిక సంస్థను సంప్రదించి నిర్ణయించే అధికారం 117వ సెక్షన్ ఇస్తుంది. ట్రాఫిక్ గుర్తులు నిలబెట్టే అధికారం 116లో ఉంది. ఇక్కడ మాత్రం మీ మాట నూటికి నూరుపాళ్ళు సరైనది, ఎందుకంటే కంటికి కనబడని నిషేధాన్ని పాటించమని ఎవరినీ అడగలేరు. గుర్తుల మధ్య తేడా కూడా చాలామందికి తెలియదు: నీలి వృత్తంలో ఒకే ఎర్ర అడ్డగీత ఉంటే పార్కింగ్ నిషేధం, రెండు గీతలు ఒకదానినొకటి ఖండించుకుంటూ ఉంటే అక్కడ ఆగడమే నిషేధం.

మీ చలానా 122 కింద వేశారు కనుక, మీరు అడగవలసింది బోర్డు గురించి కాదు. ఎవరికి ఏ ఆటంకం కలిగిందో ఆ ఫోటో చూపుతోందా అన్నది అడగాలి.

పాదచారి:

ఆ ఫోటోలో ఏమీ కనబడదని మొదట రాసినవారు అంటున్నారు గానీ, నాకు కనబడవలసింది కనబడింది. మన చిన్న నగరాల్లో విడిగా ఫుట్‌పాత్ కట్టిన వీధులు ఎన్ని ఉన్నాయి? మురుగు కాలువ మీద పరిచిన ఆ సిమెంటు పలకలే మాకు నడక దారి. స్కూటరు వాటి మీద ఉంటే మేము రోడ్డు మధ్యకు దిగాలి, వెనుక నుంచి ఆటో హారను కొడుతుంది. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మగారిని చెయ్యి పట్టుకుని మార్కెట్టుకు తీసుకువెళ్ళేటప్పుడు ఆ పలక మీద నుంచి రోడ్డు మీదికి, మళ్ళీ రోడ్డు మీద నుంచి పలక మీదికి ఎక్కి దిగడం ఎంత కష్టమో బండి మీద వెళ్ళేవారికి తెలియదు.

బోర్డు లేదు గనుక పెట్టామనేవారు బోర్డు ఉన్న చోటైనా మానుతున్నారా? మా కూడలిలో బోర్డు స్తంభానికే బైకు ఆనించి టీ తాగుతుంటారు.

బజారువీధి వాసి:

పాదచారి గారి బాధను కాదనను. నా బండి మాత్రం పలక పక్కన ఉంది, పలక మీద లేదు. అయితే ఆ సంగతి ఫోటో చూసిన వారికి తెలియదు, కోర్టులో మేజిస్ట్రేటు గారికీ తెలియదు. నా అభ్యంతరం అదే. నాలుగడుగులు వెనక్కి వెళ్ళి వీధి మొత్తం వచ్చేలా మరొక ఫోటో తీసి ఉంటే, తప్పు నాదైతే నోరు మెదపకుండా కట్టేవాణ్ణి.

కిరాణా దుకాణదారు:

మా వైపు నుంచీ ఒక మాట చెప్పాలి. సరుకు దించే ఆటో ఇరవై నిమిషాలు ఆగితే చలానా, కొనడానికి వచ్చినవారి బండి పది నిమిషాలు ఆగితే చలానా. పొద్దుటి నుంచి రాత్రి వరకు కదలకుండా మా ముందు నిలిచే కారు మాత్రం ఏ ఫోటోలోనూ పడదు. అందుకే వీధిలో కొందరు సొంతంగా నో పార్కింగ్ బోర్డు రాయించి, ముందు పూలకుండీలు పెట్టుకున్నారు. వాటికి విలువ ఉందా?

జిల్లా కోర్టు న్యాయవాది:

లేదు. ప్రజల రోడ్డు మీద ప్రైవేటు వ్యక్తి పెట్టిన బోర్డుకు చట్టబలం ఉండదు, పైగా రోడ్డు మీద పెట్టిన పూలకుండీయే ఆక్రమణ అవుతుంది. గేటుకు అడ్డంగా బండి పెడితే మాత్రం, బోర్డు ఉన్నా లేకున్నా ఫిర్యాదు చేయవచ్చు. పార్కింగ్ నిషేధించిన చోట నిలిపిన వాహనాన్ని, లేదా పది గంటలు అంతకు మించి దిక్కులేకుండా వదిలేసిన వాహనాన్ని క్రేనుతో తీయించడానికీ, చక్రానికి తాళం వేయించడానికీ 127వ సెక్షన్ కింద యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అనుమతించవచ్చు. తరలింపు ఖర్చు యజమానిదే. అందువల్ల మీ ముందు రోజంతా నిలిచే కారు విషయంలో ఆ పది గంటల నియమాన్ని ఎత్తి చూపండి.

విశ్రాంత మునిసిపల్ ఉద్యోగి:

ఇన్ని మాటలు పోలీసుల మీదికి, వాహనదారుల మీదికి పోతున్నాయి గానీ, అసలు కథ మొదలయ్యేది మా పాత కార్యాలయాల్లోనే. వాణిజ్య భవనానికి అనుమతి తీసుకునేటప్పుడు ప్లానులో సెల్లారు అంతా పార్కింగ్ అని చూపిస్తారు. భవనం పూర్తయ్యాక అదే సెల్లారు గోదాముగానో, టైలరు షాపుగానో, ట్యూషన్ సెంటరుగానో అద్దెకు పోతుంది. ఆ భవనానికి వచ్చే బండ్లన్నీ రోడ్డెక్కుతాయి. రోడ్డెక్కిన బండికి చలానా పడుతుంది, సెల్లారు యజమానికి అద్దె వస్తుంది. నోటీసులు ఇస్తారు, ఫైలు నడుస్తుంది, తరువాత ఏమవుతుందో ఇక్కడి సభ్యులకు నేను చెప్పనక్కరలేదు.

బోర్డుల సంగతీ అంతే. పోలీసులు స్థలం సూచించాలి, నగరపాలక సంస్థ స్తంభం పాతాలి. ఈ రెంటి మధ్య లేఖలు తిరుగుతూ ఉంటాయి. పాతిన స్తంభానికి వారం తిరగకముందే ఎవరి పుట్టినరోజు ఫ్లెక్సీయో కట్టేస్తారు.

ఇంకొకటి, రోడ్డు పక్కన ఉచితంగా నిలపడం హక్కు అన్న భావన మనలో పాతుకుపోయింది. ఆ స్థలం విలువకు తగిన పార్కింగ్ రుసుము వసూలు చేయాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. గంటకు ఇంత అని తీసుకుంటే, రోజంతా నిలిపే కారు తనంతట తానే తప్పుకుంటుంది, దుకాణానికి వచ్చేవారికి చోటు దొరుకుతుంది.

బజారువీధి వాసి:

రుసుము పెట్టినా, గీతలు గీసి పెట్టమనే నా కోరిక. ఇక న్యాయవాది గారిని రెండు విషయాలు అడుగుతాను. ఎలక్ట్రానిక్ పరికరాలతో ఉల్లంఘనలు నమోదు చేసి చలానా వేయడం గురించి 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో చేర్చిన 167ఏ నియమం ప్రకారం నోటీసు ఘటన జరిగిన 15 రోజుల్లో పంపాలని చదివాను. అది నాకు వర్తిస్తుందా? కానిస్టేబుల్ సొంత ఫోను ఆ నియమం చెప్పే పరికరం అవుతుందా?

రెండోది, తెలంగాణలో 2022లో ఒకసారి, 2023 చివర మరొకసారి పెండింగు చలానాల మీద రాయితీ ప్రకటించారు. రెండోసారి ద్విచక్ర వాహనాలకు 80 శాతం తగ్గించారు. వెంటనే కట్టినవాడు మొత్తం కట్టాడు, ఎగవేసినవాడు అయిదో వంతు కట్టాడు. ఇది చూసిన తరువాత జరిమానా క్రమశిక్షణ కోసమంటే ఎవరు నమ్ముతారు?

జిల్లా కోర్టు న్యాయవాది:

రాయితీ మీద మీతో వాదించను.

167ఏలో స్పీడు కెమెరా, సీసీటీవీ, పోలీసు ఒంటి మీద ధరించే కెమెరా, వాహనంలో అమర్చే డాష్‌బోర్డు కెమెరా వంటివి పేరుపెట్టి చెప్పారు, చివర అటువంటి ఇతర సాంకేతికత అని చేర్చారు. మొబైల్ ఫోను పేరు అందులో లేదు. అయితే ఈ నియమం కింద వాడే పరికరానికి ఆమోద ధ్రువపత్రం ఉండాలి కనుక, ఫోను ఆ చివరి మాటలోకి వస్తుందని వాదించేవారు ఆ పత్రం చూపవలసి ఉంటుంది. అనధికార స్థలంలో ఆపడం కూడా ఆ నియమం జాబితాలో ఉంది. నేరాన్ని స్పష్టంగా చూపే ఫోటో, నంబరు ప్లేటు, తేదీ, సమయం, స్థలం, ఉల్లంఘించిన సెక్షన్ చలానాలో ఉండాలని కూడా చెప్పింది. మీ ఫోటో నంబరును చూపింది, నేరాన్ని చూపలేదు. మీ బలం ఇక్కడే ఉంది.

డబ్బు సంగతి కూడా చెబుతాను. 177 కింద జరిమానా 2019 సెప్టెంబరు 1 నుంచి మొదటిసారికి 500 రూపాయల వరకు, మళ్ళీ చేస్తే 1500 వరకు పెరిగింది. అంతకు ముందు 100, 300. కోర్టు దాకా వెళ్ళకుండా అక్కడికక్కడ కట్టే కాంపౌండింగ్ రుసుమును 200వ సెక్షన్ కింద రాష్ట్రం నిర్ణయిస్తుంది, అందుకే రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. కాంపౌండింగ్ చేశారంటే అక్కడితో కేసు ముగిసినట్టే. ప్రశ్నించదలిస్తే కట్టకముందే చలానా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, వీధి మొత్తం కనబడేలా మీ ఫోటోలు జతచేయండి. దానితోపాటు ఆ వీధికి 117 కింద ఉత్తర్వు ఏదైనా ఉందా అని సమాచార హక్కు దరఖాస్తు వేయండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు 30 రోజుల గడువు. ఒక పూట కోర్టులో కూర్చోవడానికి మీకు తీరిక ఉందో లేదో మాత్రం మీరే తేల్చుకోవాలి.

పాదచారి:

దరఖాస్తు వేస్తున్నారు కనుక, అందులోనే ఇంకో రెండు ప్రశ్నలు చేర్చండి. ఆ వీధిలో ఎన్ని భవనాలకు సెల్లారు పార్కింగ్ చూపి అనుమతి ఇచ్చారు, వాటిలో ఎన్ని ఇప్పుడు పార్కింగ్‌గా ఉన్నాయి? కాలువ మీది పలకలను నడక దారిగా నగరపాలక సంస్థ గుర్తించిందా లేదా? జవాబు వచ్చాక ఇక్కడే పెట్టండి. ఆ పలకల విషయంలో మాత్రం మీరూ నేనూ ఒకే వైపు ఉండే అవకాశం లేదనిపిస్తోంది.