ఆటోమేటిక్ కారా, గేర్ల కారా? రేపటి లోపల తేల్చుకోవాలె, జర చెప్పున్రి

పానగల్ బిడ్డ, రాత్రి 9:50
అందరికీ నమస్తే. పొద్దున పదకొండింటి నుంచి ఇదే పని మీదున్న, తల పగిలిపోతున్నది. వీడియోలు చూసి చూసి కండ్లు మండుతున్నయ్. ఒకాయన ఆటోమేటిక్ తీసుకుంటె జన్మల మళ్ళ గేర్ రాడ్ ముట్టవంటడు. ఇంకొకాయన రెండేండ్లకు గేర్‌బాక్స్ పోతది, లక్ష పక్కకు పెట్టుకో అంటడు. అమ్మేటాయన్ని అడిగితె "ఏది తీసుకున్నా మంచిగనే ఉంటది సార్" అన్నడు. ఒకటి గేర్లది, ఒకటి ఆటోమేటిక్, రెండు బండ్లు చూసి పెట్టుకున్న. ఆటోమేటిక్‌కు 60 వేలు ఎక్కువ. రేపు మధ్యాహ్నం లోపల అడ్వాన్సు కట్టకుంటె వేరేటోళ్ళకు ఇస్తమన్నరు. రోజూ తిరగనీకె ఏది మంచిది? నడిపి చూడు అని మాత్రం చెప్పకున్రి, చూసిన. రెండూ మంచిగనే ఉన్నయ్.

గూడ మెకానిక్
గేర్లది తీసుకో.

పానగల్ బిడ్డ
ఎందుకన్నా?

గూడ మెకానిక్
ఊర్ల ఆగిపోతె బాగు చేసేటోడు దొరుకుతడు.

ఎన్‌హెచ్65 మీదోడు
తమ్మీ, నేను వారానికి నాలుగు దినాలు నార్కట్‌పల్లి నుంచి ఎల్బీనగర్ పోయొస్త. ఎనిమిదేండ్లు గేర్ల కారు నడిపిన, మూడేండ్ల నుంచి ఆటోమేటిక్. పంతంగి టోల్‌గేట్ దాటేదాంక రెండిట్లకు తేడా తెల్వదు. ఐదో గేర్ల పడ్డంక గేర్ల కారు కూడ ఆటోమేటిక్ లెక్కనే పోతది. తేడా అంతా హయత్‌నగర్ కాడ మొదలైతది. అక్కడి నుంచి ఎల్బీనగర్ దాంక క్లచ్ తొక్కు, ఒకటో గేరు, పది గజాలు, మళ్ళ ఆగు. సంక్రాంతికి టోల్ కాడ లైన్ల పడితె ఎడమ కాలు గుంజి గుంజి ఇంటికి పోయినంక మెట్లు ఎక్కరాకపోయేది. ఇప్పుడు ఆ బాధ లేదు. రోజూ ట్రాఫిక్‌ల పడితె కండ్లు మూసుకొని ఆటోమేటిక్ తీసుకో. నల్లగొండల క్లాక్ టవర్ చుట్టు తిరిగేదానికైతె 60 వేలు దండుగ. ఇంతకు నువ్వు తిరిగేది ఎక్కడ?

పాలమూరు ఇంజినీర్
ప్రశ్నలోనే లోపం ఉంది. ఆటోమేటిక్ అంటే ఏ ఆటోమేటిక్? మన దగ్గర ఆ పేరుతో నాలుగు రకాలు అమ్ముతారు. ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్సే. క్లచ్ ప్లేటు కూడా అలాగే ఉంటుంది. మన కాలు, చెయ్యి చేసే పనిని యాక్చుయేటర్ అనే చిన్న యంత్రం చేస్తుంది, అంతే. మన దేశంలో దీన్ని చవక కార్లలోకి తెచ్చింది 2014లో వచ్చిన సెలేరియో. రెండోది టార్క్ కన్వర్టర్. క్లచ్ ప్లేటు స్థానంలో నూనె తిరుగుతుంది, బ్రెజాలో ఉన్నది అదే. మూడోది సీవీటీ, రెండు పుల్లీలు ఒక బెల్టు, అమేజ్‌లో ఉంటుంది. నాలుగోది రెండు క్లచ్‌ల డీసీటీ. వీటిలో ఏదో చెప్పకుండా మంచిదా చెడ్డదా అంటే ఎవరూ జవాబు చెప్పలేరు. 60 వేలే తేడా అంటున్నారు కాబట్టి మీది ఏఎంటీ అయ్యుంటుంది. మిగతావాటికి తేడా ఎక్కువ ఉంటుంది. అసలు ఏఎంటీని ఆటోమేటిక్ అనకూడదు.

ఎన్‌హెచ్65 మీదోడు
ఎందుకనొద్దు సార్? క్లచ్ పెడల్ లేదు, గేరు మనం వెయ్యం. ఇంక ఆటోమేటిక్ అంటె ఏంది?

పాలమూరు ఇంజినీర్
టార్క్ కన్వర్టర్ ఉండాలి. అసలైన ఆటోమేటిక్ అంటే అదే.

ఎన్‌హెచ్65 మీదోడు
1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌ల హైడ్రామాటిక్ అని జనరల్ మోటార్స్ పెట్టింది చూడున్రి, దాంట్ల టార్క్ కన్వర్టర్ లేదు, ఫ్లూయిడ్ కప్లింగ్ ఉన్నది. మీ లెక్కన పెద్ద ఎత్తున అమ్మిన మొదటి ఆటోమేటిక్ కూడ ఆటోమేటిక్ కాదా?

పాలమూరు ఇంజినీర్
ఫ్లూయిడ్ కప్లింగ్ అన్నా అక్కడా నూనే కదా. నేను చెప్పేది క్లచ్ ప్లేటు గురించి. ప్లేటు ఉన్నదంటే అరుగుతుంది, వేడెక్కుతుంది. ఆ సంగతి కొనేవాళ్ళకు ముందే చెప్పాలి. పేరు ఒకటే కదా అని అమ్మేవాళ్ళు అన్నింటినీ ఒకే గాటన కడుతున్నారు. నా బాధ అది.

పానగల్ బిడ్డ
సార్, పేరు ఏదైనా ఏమాయె. నేను అడిగింది తీసుకోవాల్నా వద్దా అని. అవును, ఏఎంటీనే. 2019 వ్యాగనార్, 61 వేలు తిరిగింది.

గూడ మెకానిక్
సెకండ్ హ్యాండా? అది ముందే చెప్పాలె కదా.

పానగల్ బిడ్డ
రెండు బండ్లు చూసి పెట్టుకున్న, వేరేటోళ్ళకు ఇస్తమన్నరు అంటె సెకండ్ హ్యాండ్ అనే కదన్నా.

దేవరకొండ పెద్దాయన
బిడ్డా, నేను ఆర్టీసీల 31 ఏండ్లు స్టీరింగ్ పట్టిన. ఒక మాట చెప్త, విను. బండి ఏదైనా నడిపేటోని కాలుల ఉంటది. ఇప్పటి పోరగాండ్లు క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతరు. తొక్కినట్టు ఉండదు, ఇడిసినట్టు ఉండదు. అరక్లచ్. దాంతోనే ప్లేటు మాడుతది. మాడితె ఒక వాసనొస్తది, కాలిన బ్రేకు వాసన కంటె ఘాటు, ముక్కుల రెండు దినాలుంటది. గేరు మార్చినంక ఎడమ కాలు పూరా తీసి పక్కన నేల మీద పెట్టాలె. అట్ల నడిపితె గేర్ల బండి ప్లేటు లక్ష కిలోమీటర్లు దాటుతది. ఇంకొకటి, శ్రీశైలం పోయేటప్పుడు మన్ననూరు దాటి అడివిలకెల్లి దోమలపెంట అవతల డ్యాం దిక్కు దిగుతం చూడు, ఆడ న్యూట్రల్ చేసి పెట్రోలు మిగుల్తదని దిగేటోళ్ళను మస్తుమందిని చూసిన. అది పెద్ద తప్పు. బ్రేకులు కాలి పట్టయ్. రెండో గేర్ల దిగాలె, ఇంజనే బండిని ఆపుకుంట పోతది. ఆటోమేటిక్‌ల ఆ సుఖం ఉండదు.

సూర్యాపేట అక్క
ఉంటది పెద్దనాయన. ఏఎంటీల రాడ్‌ను ఎం (మాన్యువల్) దిక్కు జరిపి మైనస్ కొడితె రెండో గేర్లకు వస్తది, అట్లనే ఉంటది. పోయిన ఏడాది నేను శ్రీశైలం ఘాట్ మొత్తం అట్లనే దిగిన. మా ఆయన పక్కన కూసొని పడుకున్నడు కూడ.

దేవరకొండ పెద్దాయన
ఆ ముచ్చట నాకు తెల్వదు బిడ్డా. అట్లైతె మంచిదే.

సూర్యాపేట అక్క
తమ్మీ, నేను కారు నేర్చుకున్నదే ఏఎంటీ మీద, అందుకని నా మాట కొంచెం అటు మొగ్గుతది. కానీ గేర్ల బండి నుంచి మారేటోళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలె. మొదటి వారం ఎడమ కాలు ఊరుకోదు. మా ఆయన మొదటి దినం స్పీడ్ బ్రేకర్ కాడ అలవాటు ప్రకారం క్లచ్ అనుకొని ఎడమ కాలుతోని బలంగ తొక్కిండు. అక్కడున్నది బ్రేకు. వెనుక సీటు మీద పెట్టిన కొబ్బరికాయల సంచి ముందటికొచ్చి గేర్ రాడ్‌కు తగిలింది. వెనుక బండి లేదు కాబట్టి బతికినం. ఎడమ కాలు మడిచి సీటు కిందికి పెట్టుకోవాలె. రెండు పెడళ్ళకూ కుడికాలే. ఇంతకు నడిపేది ఎవరు, నువ్వేనా?

పానగల్ బిడ్డ
నేను కాదక్క, మా నాయిన. నేను గచ్చిబౌలిల ఉంట, నాకు ఆఫీసు బస్సు ఉంది. ఊర్ల నడిపేది నాయినే కదా. ఆయనకు 63. ఎడమ మోకాలు అరిగిందన్నరు డాక్టర్, అందుకనే ఆటోమేటిక్ చూసిన.

సూర్యాపేట అక్క
అయ్యో, మోకాలి సంగతి ఇప్పుడు చెప్తున్నవా! అదే కదా అసలు ముచ్చట. ఎడమ మోకాలు నొప్పి ఉన్నాయన్ని క్లచ్ తొక్కమనుడు ఎట్ల? ఇంక గేర్ల మాట ఎత్తకు.

ఎన్‌హెచ్65 మీదోడు
నేను రాసిందంతా నువ్వు నడుపుతవనుకొని రాసిన. అక్క చెప్పిందే కరెక్టు.

గూడ మెకానిక్
ఊరు ఏది? రోడ్డు ఎట్లుంటది?

పానగల్ బిడ్డ
హాలియా దాటినంక లోపలికి. పొలం కాడికి ఎడమ కాలువ కట్ట ఎక్కి పోవాలె.

గూడ మెకానిక్
అద్గది. కట్ట ఎక్కుడు నిటారుగ ఉంటది. సగం ఎక్కినంక ఎదురుంగ ట్రాక్టర్ వస్తె ఆగాలె. మళ్ళ లేపేటప్పుడు ఏఎంటీ వెనక్కి జారుతది. బ్రేకు మీదకెల్లి కాలు తీసి యాక్సిలరేటర్ తొక్కేలోపల అది క్లచ్ పట్టుకోవాలె, అప్పటిదాంక ఖాళీ. ఎక్కుడు మీద జారకుండ బండిని ఆపే హిల్ హోల్డ్ 2019 దాంట్ల లేదు, అది 2022 మోడల్‌ల వచ్చింది. ఉన్నా రెండు సెకండ్లే ఆపి ఉంచుతది. చేతి బ్రేకు గుంజి, డి (ముందలికి పోయే గేరు) ల పెట్టి, కొంచెం రేజ్ ఇచ్చి, ముందలికి గుంజుతున్నట్టు తెలిసినంక చేతి బ్రేకు ఇడువాలె. నాయినకు నేర్పు. యాక్సిలరేటర్ మీదనే బండిని ఎక్కుడు మీద ఆపుకుంట ఉంటె ప్లేటు ఒక్క సీజన్‌ల పోతది.

దేవరకొండ పెద్దాయన
కట్ట ఒక్కటే కాదు. ఇప్పుడు కోతలైతున్నయ్. హాలియా రోడ్డు పొడుగున సగం రోడ్డు దాంక వడ్లు పోసి రాళ్ళు అడ్డం పెడుతరు. రాత్రి ఆ రాళ్ళు కనవడవు. వడ్ల మీద బ్రేకు వేస్తె ఏ బండైనా మంచు మీద పోయినట్టు పోతది. 63 ఏండ్ల మనిషి చీకటి పడ్డంక ఆ రోడ్డు మీద నడపొద్దు. రోడ్డు మీద వడ్లు పొయ్యకుండ పోలీసులు గట్టిగ చెయ్యాలె.

పానగల్ బిడ్డ
మా నాయిన కూడ రోడ్డు మీదనే పోస్తడు పెద్దనాయన.

ఎన్‌హెచ్65 మీదోడు
పొయ్యక ఏం చేస్తరు సార్? తేమ 17 శాతం దాటితె కొనుగోలు సెంటర్ల కాంట పెట్టరు. అందరికీ కల్లం ఎక్కడిది? సిమెంటు కల్లం కట్టుకోవాలంటె మళ్ళ పైసలు.

దేవరకొండ పెద్దాయన
నాకూ మూడెకరాలున్నది, నాకు తెల్వదా ఆ కష్టం. అయినా పానం కంటె వడ్లు ఎక్కువ కాదు. ఒక మనిషి రాయి తగిలి పడంగ నేను బస్సుల నుంచి చూసిన.

పాలమూరు ఇంజినీర్
చర్చ ఎటో పోతోంది. పాత ఏఎంటీ కొనేటప్పుడు చూడవలసినవి చెబుతాను. పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడే వెళ్ళండి. వాళ్ళను ముందే స్టార్ట్ చేసి పెట్టనివ్వకండి. తాళం తిప్పగానే బానెట్ వైపు నుంచి చిన్న మోటారు మూలిగినట్టు శబ్దం వచ్చి ఆగాలి, అది యాక్చుయేటర్ పంపు. మాటిమాటికీ మూలుగుతుంటే అనుమానించండి. చదును నేల మీద డి లో పెట్టి బ్రేకు వదిలితే బండి తనంతట తాను మెల్లగా కదలాలి, అదరకూడదు. తరవాత రివర్స్‌లో ఏదైనా ర్యాంపు ఎక్కించండి. ఒకటి నుంచి రెండో గేరుకు పోయేటప్పుడు తల ఊగడం ఏఎంటీకి సహజం, కానీ టక్కుమని కొట్టినట్టు ఉండకూడదు. చివరగా సర్వీసు సెంటర్లో బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టించండి. ప్లేటు ఎంత అరిగిందో అంచనా తెలుస్తుంది. ప్లేటు మార్చినా ఆ స్కానర్‌తోనే మళ్ళీ కాలిబ్రేషన్, అంటే కొత్త ప్లేటుకు తగ్గట్టు సెట్టింగ్, చెయ్యాలి. లేకపోతే కొత్త ప్లేటు కూడా అదురుతుంది.

గూడ మెకానిక్
బ్యాటరీ చూడు. వీకైతె గేరు పడదు. నెట్టి స్టార్ట్ చేసుడు దీంట్ల ఉండదు. పొలం కాడ ఆగితె ట్రాలీ రావాలె.

పానగల్ బిడ్డ
మైలేజ్ తగ్గుతదా?

ఎన్‌హెచ్65 మీదోడు
ఏఎంటీకి తగ్గదు. 2024 స్విఫ్ట్‌కు కంపెనీ చెప్పే లెక్కనే చూడు, గేర్లది లీటరుకు 24.80, ఏఎంటీ 25.75. మన రోడ్ల మీద అంత రాదు, కానీ గేర్ల దానికంటె పెద్దగ తగ్గేది ఏం లేదు. ఎనుకట టార్క్ కన్వర్టర్ బండ్లు పెట్రోలు తాగేటివి, ఆ మాట ఇప్పటిదాంక అన్నింటికీ అంటుకున్నది.

సూర్యాపేట అక్క
ఇంకొకటి తమ్మీ. దీంట్ల పి (పార్కింగ్) ఉండదు, ఆర్ (రివర్స్), ఎన్ (న్యూట్రల్), డి, ఎం మాత్రమే. న్యూట్రల్‌ల ఇడిసి దిగితె కట్ట మీదకెల్లి బండి కాలువలకు పోతది. డి లనో ఆర్ లనో ఉంచి, చేతి బ్రేకు గుంజి, అప్పుడు బంద్ చెయ్యాలె. ఇది నాయినతోని నాలుగైదు సార్లు నీ ముందట చేయించు. నువ్వు చెప్పి పోతె మరిచిపోతరు.

పానగల్ బిడ్డ, మరునాడు మధ్యాహ్నం 1:20
పొద్దున ఏడింటికే నాయినను తోల్కొని పోయిన. చల్లగున్నప్పుడే స్టార్ట్ చేయించిన, పంపు ఒక్కసారి మూలిగి ఆగింది. షెడ్డు ర్యాంపు మీద మొదటిసారి మూరెడు వెనక్కి జారింది. రెండోసారి నాయిన చేతి బ్రేకు గుంజి లేపిండు, జారలె. దిగినంక మోకాలు పట్టుకొని చూసుకున్నడు, ఏం అనలె. గేర్ల బండి కూడ నడిపి చూడు అంటె వద్దన్నడు. స్కానర్ పెట్టిస్తెనే అడ్వాన్సు ఇస్తనన్న, సాయంత్రం దాంక టైం ఇచ్చిన్రు. అందరికీ థ్యాంక్స్, పోతున్న.

సూర్యాపేట అక్క
స్కానర్‌ల ఏమొచ్చిందో చెప్పు తమ్మీ.

గూడ మెకానిక్
బ్యాటరీ చూసినవా?

కల్వకుర్తి కిరాణం, నాలుగు దినాల తర్వాత
అన్నా, నాదీ ఇదే గోస. కానీ నాకు డీజిల్ కావాలె, రోజూ సామాను వేసుకొని జడ్చర్ల పోయొస్త. డీజిల్‌ల ఏఎంటీ పనికొస్తదా?