అప్‌డేట్: తమ్ముడి కాళ్ల మీద ఎర్ర చుక్కలు

మా తమ్ముడి పిక్కల మీద దురద లేని ఎర్ర చుక్కలు వచ్చాయని, బ్రష్ చేస్తుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని అడిగాను కదా. ఇక్కడే బెంగళూరు మారతహళ్లిలో డాక్టరుకి చూపించాం. చుక్కల మీద చిన్న గాజు పలక పెట్టి నొక్కారు. అలర్జీ దద్దుర్లయితే తెల్లబడతాయట; ఇవి చెక్కుచెదరలేదు. అంటే చర్మంలోకి రక్తం కారిందన్నమాట. తర్వాత మెడ, చంకల్లో గడ్డల కోసం, పొట్టలో ప్లీహం కోసం తడిమి చూశారు. బ్లడ్ క్యాన్సర్ లాంటిదైతే అవి తరచూ పెరుగుతాయట; ఏవీ పెరగలేదు. ఆ మాటతోనే అమ్మకి సగం టెన్షన్ తగ్గింది.

రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే కణాలు) 18 వేలు (మామూలుగా లక్షన్నర పైనే ఉండాలి). మిగతా కణాలు బాగున్నాయి, డెంగీ నెగెటివ్. హెమటాలజిస్టు (రక్త వ్యాధుల డాక్టరు) ఐటీపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే ప్లేట్‌లెట్లని నాశనం చేసే జబ్బు అని చెప్పి స్టెరాయిడ్ మొదలుపెట్టారు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ముట్టుకోవద్దన్నారు, అవి రక్తస్రావం పెంచుతాయట. క్రికెట్ కూడా బంద్. వాడి ఏడుపంతా దానికే.