సెస్నా 172లో బ్యాకప్ పరికరం: అనుమతి ఎలా తీసుకోవాలి?

అందరికీ నమస్కారం. నేను టెక్సస్‌లో ఉంటాను. ఇద్దరు మిత్రులతో కలిసి 1978 నాటి సెస్నా 172ఎన్ అనే చిన్న విమానం కొన్నాం. పోయిన నెల మబ్బుల్లో ఉండగా, కొన్ని పరికరాలను గాలి పీల్పుతో నడిపే వాక్యూమ్ పంప్ ఆగిపోయింది. దాంతో నడిచే ఆటిట్యూడ్ ఇండికేటర్ (విమానం ఎటు వంగిందో చూపేది) మెల్లగా పక్కకు ఒరిగిపోయింది. విమానం ఎటు తిరుగుతోందో చూపే టర్న్ కోఆర్డినేటర్ కరెంటుతో నడుస్తుంది కాబట్టి దాన్ని చూసుకుంటూ బయటపడ్డాను. పక్కన మా ఆవిడ ఉంది. ఆ టెన్షన్ ఇంకా పోలేదు.

అందుకే సొంత బ్యాటరీ ఉన్న గార్మిన్ జీ5 అనే ఎలక్ట్రానిక్ ఆటిట్యూడ్ ఇండికేటర్ పెట్టించాలనుకుంటున్నాం. పాత ఆటిట్యూడ్ ఇండికేటర్‌ను అలాగే ఉంచి, టర్న్ కోఆర్డినేటర్ స్థానంలో దీన్ని బిగించాలని ఆలోచన. ఏవియానిక్స్ షాపువాళ్లు ఎస్‌టీసీ (ఇలాంటి మార్పుకు ముందే ఇచ్చిన ఆమోదం) ఉంది, అది చాలంటున్నారు. మా మెకానిక్ మాత్రం అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ నుంచి విడిగా ఫీల్డ్ అప్రూవల్ (మా ఒక్క విమానానికే ఇచ్చే అనుమతి) కావాలంటున్నారు. ఐఎఫ్ఆర్‌లో (బయటికి కాక పరికరాలను చూసి నడిపేటప్పుడు) టర్న్ ఇండికేటర్ బదులు రెండో ఆటిట్యూడ్ ఇండికేటర్ పెట్టుకోవచ్చని ఎఫ్‌ఏఏ సలహా పత్రం ఏసీ 91-75లో చదివాను. మరి ఎస్‌టీసీ, పెద్ద మార్పులను నమోదు చేసే ఫారం 337 సరిపోతాయా?

ఇంకో చిక్కు: మా ఆటోపైలట్ ఆ టర్న్ కోఆర్డినేటర్ సిగ్నల్‌తోనే నడుస్తుంది. దాన్ని ప్యానెల్ వెనక్కి మార్చి వాడుకోవచ్చా? ఇలా చేయించినవాళ్లు ఉంటే, ఏ కాగితాలు అడిగారో దయచేసి చెప్పండి.