ధాతు కరువు నాటి కూలి లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

అన్నా, అక్కా, చిన్న సాయం కావాలి. మాది ధర్మవరం దగ్గర పల్లె. మా అవ్వకు 88 ఏళ్లు. వాళ్ల అవ్వ పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ధాతు కరువులో మా చెరువు కట్టకు మట్టి మోసిందని చెబుతుంది. ఇంట్లో జొన్నల పాతర అడుగు దాకా ఊడ్చేశారట. ఆ పాతర గుంత ఇప్పటికీ ఉంది, మేం అందులో కట్టెలు వేసుకుంటాం.

ధాతు అనే తెలుగు సంవత్సరం 60 ఏళ్లకోసారి వస్తుంది కదా. 1936 కుదరదు, అప్పటికి మా అవ్వే పసిబిడ్డ. కాబట్టి 1876 అనే అనుకుంటున్నా. 1877లో బ్రిటిష్ ప్రభుత్వం పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ వచ్చి కరువు పనిలో మగవాళ్ల కూలిని రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణాకు తగ్గించాడు. పౌను అంటే అర కిలో కూడా లేదు! దాంతో రోజంతా మట్టి మోయాలి. అవ్వ మాత్రం ‘పిడికెడు గింజలు’ అంటుంది, నాకైతే ఆ మాటే నిజమనిపిస్తుంది.

చిక్కు ఎక్కడంటే, అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది. అంతకు ముందు మేం బళ్లారి జిల్లా. మరి ఆ కరువు పనుల కాగితాలు బళ్లారిలో వెతకాలా, చెన్నై ఆర్కైవ్స్‌కు పోవాలా? ఊరి పేరుతో చెరువు పనుల వివరాలు దొరుకుతాయా? మామూలు మనిషిని లోపలికి రానిస్తారా? ఇలా వెతికినవాళ్లుంటే చెప్పండి. అవ్వ ఉండగానే చదివి వినిపించాలని నా తొందర.