లెబనాన్ దేవదారు వనం: బ్షర్రీకి వెళ్లాలా, బరూక్‌కు వెళ్లాలా?

ప్రశ్న:
నేను కువైట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. బైబిలులో చదివిన లెబానోను దేవదారు వృక్షాలను కళ్లారా చూడాలని మా అమ్మగారు ఎన్నాళ్లుగానో కోరుతున్నారు. ఆమెకు మోకాళ్ల నొప్పులున్నాయి. బ్షర్రీ వనం మేలా, బరూక్ మేలా? ఏ నెలల్లో వెళ్లాలో కూడా తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1:
బ్షర్రీకే తీసుకువెళ్లండి. స్థానికులు ‘దేవుని దేవదారులు’ అని పిలుచుకునే ఆ వనం ఖదీషా లోయకు ఎగువన, సుమారు 1,900 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉంది. 1998లో యునెస్కో ఆ లోయను, వనాన్ని కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే కొండలన్నిటినీ కప్పేసిన మహారణ్యం కనిపిస్తుందని అమ్మగారికి చెప్పవద్దు. ఆ తీరంలోని ప్రాచీన నావికులైన ఫినీషియన్ల ఓడల కాలం నుంచి మొదటి ప్రపంచ యుద్ధం నాటి రైళ్ల దాకా నరికినవి నరకగా, ఆ వనంలో మిగిలినవి కొన్ని వందల చెట్లే. లేత మొక్కలను మేకలు మేసేయకుండా 1876లో విక్టోరియా రాణి ఇచ్చిన సొమ్ముతో దాని చుట్టూ రాతిగోడ కట్టారు. విశాలమైన అడవి చూడాలనుకుంటే షూఫ్ రక్షిత ప్రాంతంలోని బరూక్ సరైనది, బీరూట్‌కు దగ్గర కూడా.

సమాధానం 2:
బ్షర్రీ వనం కొండవాలులో ఉంది కనుక బాటలో ఎక్కుదిగుళ్లు తప్పవు. చేతికర్ర ఉంచుకుని, నిదానంగా నడిస్తే మంచిది. చలికాలమంతా మంచు ఉంటుంది కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు లోపల వెళ్లండి. ఒక్క మనవి: ఫోటో కోసమైనా, మానును తాకడానికైనా బాట దిగకండి. వేర్ల మీది నేల తొక్కుడుకు గట్టిపడితే నీరు ఇంకదు, రాలిన గింజ మొలవదు. ఈ చెట్టు కాయ పట్టడానికే సుమారు 40 ఏళ్లు కావాలి. పైగా మంచు తగ్గుతున్న కొద్దీ మొలకలు నిలదొక్కుకోవడం కష్టమవుతోంది. అందుచేత ప్రార్థన గదిలో పెట్టుకోవడానికని కాయనుగానీ రెమ్మనుగానీ తెంపుకురావడం ఎంత భక్తితో చేసినా తప్పే అని నేను గట్టిగా నమ్ముతాను. దేవదారు చెక్కతో చేసిన చిన్న వస్తువులు బయటి అంగళ్లలో దొరుకుతాయి.

సమాధానం 3:
టికెట్లు కొనకముందే అమ్మగారి పాస్‌పోర్టు చూడండి. ఇజ్రాయెల్‌కు వెళ్లివచ్చిన ఆనవాలుంటే లెబనాన్‌లోకి రానివ్వరు. యెరూషలేము యాత్ర చేసిన మనవాళ్లు చాలామంది జోర్డాన్, ఈజిప్టుల మీదుగా వెళ్తారు కనుక, ఇజ్రాయెల్ ముద్ర లేకపోయినా ఆ సరిహద్దు దారుల ముద్రలే విషయం బయటపెడతాయి. అక్కడి పరిస్థితులు త్వరగా మారుతుంటాయి కాబట్టి బీరూట్‌లోని భారత రాయబార కార్యాలయం సూచనలను కూడా బయలుదేరే ముందు తప్పక చదవండి.